మిషన్‌కి ఇచ్చే అరగంట

"సిస్టరమ్మా, ఖాళీ ఎప్పుడొస్తాది?"

డయాలసిస్ యూనిట్‌లో పనిచేసిన ఏడేళ్ళలో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. గుమ్మం దగ్గర ఎవరి కొడుకో, ఎవరి భార్యో నిలబడి ఉంటారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రిపోర్టులు. వారానికి రెండు మూడుసార్లు విశాఖ వెళ్ళిరావడానికి డబ్బూ లేదు, ఓపికా లేదు. దగ్గర్లో ఉన్న యూనిట్‌లో పేరు రాయించుకుని ఎదురుచూస్తుంటారు. డయాలసిస్ మొదలుపెట్టిన మనిషి నెల తిరిగేసరికి నయమై ఇంటికి పోడు. కిడ్నీ మార్పిడి దాకా వెళ్ళేవాళ్ళు మా వైపు ఏ కొద్దిమందో. అంచేత ఖాళీ రావాలంటే ఎవరో ఒకరు పోవాలి. ఆ సంగతి అడిగేవాళ్ళకి తెలుసు. మాకూ తెలుసు. లోపల బెడ్ మీద పడుకుని ఆ మాట వింటున్న మనిషికి అందరికంటే బాగా తెలుసు.

"చూద్దాం బాబూ, వచ్చే వారం కనుక్కో" అంటాం. ఇంకేం అంటాం?

ఆ పని వదిలేసి కొన్నేళ్ళయింది. ఇప్పుడు శ్రీకాకుళంలో నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెప్తున్నాను. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే నర్సులు కుంగిపోకుండా ఏం చేయాలో చెప్పమని ఆ మధ్య ఒక చోట పిలిచారు. వెళ్ళాను గానీ, ఇచ్చిన పదిహేను నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పలేకపోయాను. చివర్లో ఒక పెద్దాయన లేచి "మీరు దేవతలమ్మా, రోజూ చావులు చూస్తూ ఎలా తట్టుకుంటున్నారో" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఇంటికొచ్చే దారంతా నాకు ఆ మాటే కుట్టింది. దేవతకి వీక్లీ ఆఫ్ అక్కర్లేదు. జీతం రెండు నెలలు ఆలస్యమైనా అడగదు. నన్ను అడిగితే చావులు నన్ను కుంగదీయలేదు. చావు జరిగిన తర్వాత మేము ఎలా ఉండాలో ఎవరూ ఆలోచించకుండా నడిచిపోయిన పద్ధతి కుంగదీసింది. రెండిటికీ తేడా ఉంది. ఆ తేడా తెలియకుండా ఇచ్చే సలహాలేవీ పనిచేయవని నా వాదన.

ముందు మా ఊళ్ళ సంగతి. శ్రీకాకుళం జిల్లాలో ఈ ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్దానం అంటే ఉద్యానవనమే. కొబ్బరి, జీడి, పనస తోటలు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు. 1990ల నుంచి ఇక్కడ కిడ్నీ జబ్బు గురించి మాట్లాడుతూనే ఉన్నారు. షుగరు లేదు, బీపీ లేదు, పొలం పని చేసుకునే మనిషికి నలభై దాటేసరికి కిడ్నీలు పోతాయి. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని చేసి ఒంట్లో నీరు ఇంకిపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదీ కారణం అని తేల్చి చెప్పినవాళ్ళు ఇప్పటికీ లేరు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి నెలకి 10,000 రూపాయల పింఛను వస్తోంది. ఇవన్నీ కావాల్సినవే. మిషన్ పక్కన నిలబడే మనిషి గురించి మాత్రం ఎక్కడా ఒక ముక్క లేదు.

వార్డు నర్సుకి పేషెంటు నాలుగు రోజుల చుట్టం. మాకు అలా కాదు. వారానికి రెండుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు. లెక్కేస్తే ఏడాదికి నాలుగు వందల గంటలు దాటుతుంది. మా అత్తగారితో నేను ఏడాదికి అన్ని గంటలు కూర్చోను. ఎవరి కూతురికి సంబంధం కుదిరింది, ఎవరి జీడి పిక్కలకి రేటు రాలేదు, ఎవరి కోడలు విడిగా పొయ్యి పెట్టింది, అన్నీ మాకు తెలుసు. వాళ్ళ ఒళ్ళూ తెలుసు. డయాలసిస్ సూది గుచ్చడానికి వీలుగా చేతిలో రెండు రక్తనాళాలని కలిపి కుడతారు, ఫిస్టులా అంటాం. అది వేసిన చేతి మీద వేళ్ళు పెడితే లోపల రక్తం జుమ్మని కదులుతూ తగులుతుంది, తేనెటీగని గుప్పిట్లో పట్టుకున్నట్టు. థ్రిల్ అంటాం దాన్ని. ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. కళ్ళు మూసుకుని చెయ్యి పట్టుకున్నా ఇది ఫలానా వాళ్ళదని చెప్పగలిగేవాళ్ళం.

పైగా మేమే వాళ్ళకి పోలీసులం. కొబ్బరి తోటల్లో పుట్టిన మనిషికి కొబ్బరినీళ్ళు తాగొద్దని చెప్పాలి. పనసపండు ముట్టొద్దని చెప్పాలి. రెండిట్లోనూ పొటాషియం ఎక్కువ, గుండె ఆగిపోయే ప్రమాదం. ఎండుచేప వద్దు, ఆవకాయ వద్దు. నీళ్ళు కూడా కొలిచి తాగాలి. ఒక తాత ఉండేవాడు, నన్ను "ఓ గుంటా" అని, చిన్నపిల్లని పిలిచినట్టు పిలిచేవాడు. నలభై దాటిన దాన్ని గుంటా అని పిలిచిన ఆఖరి మనిషి బహుశా ఆయనే. వచ్చిన ప్రతిసారీ బరువు చూసే కాటా ఎక్కే ముందు జేబులో ఉన్నవన్నీ తీసి బల్ల మీద పెట్టేవాడు, బీడీ కట్టతో సహా. మూడు కిలోలు పెరిగేవాడు. "ఏటి తాగీసినావు తాతా?" అంటే "ఏటీ నేదు గుంటా, గాలికే బరువెక్కీసినాను" అనేవాడు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీద పడింది. కొబ్బరిచెట్లు రోడ్ల మీద అడ్డంగా పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్‌కి డీజిల్ కోసం మనుషులు పరిగెత్తారు. పేషెంట్లని మంచం మీద మోసుకొచ్చారు, పడిన చెట్ల మీంచి చేతుల మీద దాటించారు. మేము ఇంటికి వెళ్ళకుండా యూనిట్‌లోనే పడుకున్నాం. రాలేకపోయినవాళ్ళు కొందరు మళ్ళీ రానేలేదు. అప్పుడు మా ఇన్‌ఛార్జి సిస్టర్ ఒకావిడ, బొబ్బిలి వైపు మనిషి, ఎక్కడినుంచో బియ్యం తెప్పించి పేషెంట్లకీ మాకూ కలిపి ఒకే గిన్నెలో వండించింది. పేషెంట్లకి ఉప్పు లేకుండా అని, మాక్కూడా ఉప్పు లేకుండానే. ఆ పది రోజులంత ఒళ్ళు హూనమైన రోజులు నా జీవితంలో లేవు. కానీ అప్పుడు ఎవరమూ కుంగిపోలేదు. అలిసిపోవడం, కుంగిపోవడం ఒకటే అయితే మేమందరం ఆ నెలలోనే రాజీనామా చేసి ఉండాలి.

ఆ ఇన్‌ఛార్జి సిస్టర్‌కి ఒక అలవాటుండేది. మా పేషెంటు ఎవరైనా పోయారని కబురు వస్తే, ఆ షిఫ్ట్ అయ్యాక టీ పెట్టించేది. ఒక షిఫ్ట్ వాళ్ళు దిగి ఇంకో షిఫ్ట్ వాళ్ళు ఎక్కే లోపల మిషన్‌ని శుభ్రం చేయాలి. వేడినీళ్ళతోనో మందుతోనో అది తనంతట తాను కడుక్కోవడానికి సుమారు అరగంట పడుతుంది. ఆ టైమ్‌లో మమ్మల్ని గోడ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, "పోయినవాడి గురించి ఒక్కో మాట చెప్పండే" అనేది. మంచే చెప్పాలని రూలేం లేదు. "నీడిల్ గుచ్చినప్పుడల్లా మా అమ్మని తిట్టేవాడు" అని ఒకర్తి అంటే నవ్వేవాళ్ళం. ఎవరైనా ఏడిస్తే ఏడవనిచ్చేది. తర్వాత రిజిస్టర్ వెనక పేజీలో తారీఖు వేసి ఒక్క లైను రాసేది. అంతే. ఎవరూ ఆవిడకి చెప్పలేదు, ఏ సర్క్యులర్లోనూ లేదు.

2019 మొదట్లో ఆవిడకి బదిలీ అయింది. తర్వాత వచ్చినావిడ చెడ్డది కాదు, టైమ్ అంటే పట్టింపు ఎక్కువ. బెంచీ మీద కూర్చుంటే "పనిలేదా?" అనేది. టీ ఆగిపోయింది. మేమూ పట్టించుకోలేదు. చిన్న విషయమే కదా అనుకున్నాం.

ఆ ఏడాదే ఒకరోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. మా తాత అల్లుడు. "రాత్రి పోయేడు సిస్టరమ్మా" అన్నాడు. నాలుగేళ్ళు నన్ను గుంటా అని పిలిచిన మనిషి. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది, నా కుడిచెయ్యి వెయిటింగ్ లిస్టు తెరిచేసింది. వరసలో ఉన్నతనికి ఫోన్ చేశాను. "దేవుడు దయ తలిచేడమ్మా" అన్నాడతను. "ఏడింటికల్లా వచ్చేయండి, ఆధార్ కార్డు తేవడం మర్చిపోకండి" అని పెట్టేశాను. ఎనిమిదింటికి తాత బెడ్ మీద ఇంకో మనిషి. అతనిదీ తప్పు లేదు, బతకడానికే వచ్చాడు. సాయంత్రం ఇంటికెళ్తూ బెండకాయలు బేరం చేసి కొన్నాను. నాకు ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించలేదన్న సంగతి కూడా చాలా రోజుల దాకా నాకు తెలియలేదు. మూడు వారాల తర్వాత మా అమ్మాయికి జ్వరం వచ్చి మూలుగుతుంటే "ఊరికే మూలక్కు, నీకేం పోయింది" అన్నాను. అది నా మొహం వైపు చూసిన చూపుతో తెలిసింది.

దీనికి పుస్తకాల్లో పేరుంది, బర్నవుట్. 1974లో న్యూయార్క్‌లో ఒక ఉచిత వైద్యశాలలో పనిచేస్తున్న హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు ఆ మాట వాడాడు. తర్వాత క్రిస్టీనా మాస్లాక్ దాన్ని మూడు ముక్కలు చేసి చూపించింది: ఒళ్ళూ మనసూ అరిగిపోవడం, ఎదుటి మనిషి మనిషిలా కనబడకపోవడం, నేను చేసేదానివల్ల ఏం ఒరుగుతుందనిపించడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలో దీన్ని జబ్బుగా చేర్చలేదు, పనిచేసే చోటు నుంచి పుట్టేదిగా రాసింది. నాకు ఆ ఒక్క వాక్యం మీదే ఎక్కువ నమ్మకం. జబ్బంటే మాత్ర నా నోట్లో వేస్తారు. పనిచేసే చోటు నుంచి పుట్టిందంటే ఆ చోటుని సరిచేయాలి.

మా వాళ్ళు మాత్రం మాత్రే వేశారు. స్ట్రెస్ మేనేజ్‌మెంట్ క్లాసు పెట్టారు ఒకసారి. నైట్ డ్యూటీ దిగినవాళ్ళని ఇంటికి పంపకుండా హాల్లో కూర్చోబెట్టి, ఏసీ వేసి, కళ్ళు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమన్నారు. అయిదు నిమిషాల్లో సగంమంది గుర్రు పెట్టారు. క్లాసు బాగా జరిగిందని ఫొటోలు కూడా తీశారు. యోగా మీద నాకు కోపం లేదు, నేనూ చేస్తాను. పైకప్పు కారుతున్న ఇంట్లో ఉన్నవాడికి ఈత నేర్పడం లాంటిదది. మే 12న నర్సుల దినోత్సవానికి ఇచ్చే గులాబీ, కేకు ముక్క సంగతి ఇక వదిలేస్తాను.

కారుతున్న చిల్లులేంటో చెప్తాను. ఒకటి అందరూ చెప్పేదే, మనుషులు చాలరు. టీచింగ్ ఆసుపత్రుల్లో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఆ లెక్క గోడ మీద ఎక్కడైనా కనబడితే నాకు చెప్పండి. దీని గురించి ఎంత రాసినా తక్కువే, ఎంత రాసినా కొత్తదీ కాదు.

రెండోది ఎవరూ మాట్లాడనిది. ఒకసారి రెండు మిషన్లు పాడయ్యాయి, విడిభాగం రావడానికి వారాలు పట్టింది. ఎవరినీ వెనక్కి పంపకూడదని ఒక్కొక్కరికీ నాలుగు గంటలు నడపాల్సింది మూడు గంటలకే తీసేశాం. ఆర్డర్ పైనుంచి వచ్చింది. ట్యూబు తీసింది మేం. "ఇంకో గంట ఉంది కదమ్మా" అని అడిగిన మనిషికి జవాబు చెప్పిందీ మేమే. ఏది సరైనదో తెలిసి, అది చేసే వీలు లేక పడే ఈ బాధని 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే ఆయన నర్సుల గురించి రాస్తూ విడిగా పేరు పెట్టి చెప్పాడు. మొహం కడుక్కుంటే పోయే అలసట కాదది. ఎదుటి మనిషి కాళ్ళవాపు చూసినప్పుడల్లా అందులో నా చెయ్యి కనబడుతుంది.

మూడోది అబద్ధం. ఎనభైకి దగ్గరపడిన ఒక పెద్దామె "ఇంక సాలు తల్లీ, నాను రాను" అంది. కొడుకులు నన్ను పక్కకి పిలిచి, అమ్మకి బాగవుతుందని చెప్పమన్నారు. డాక్టరు గారు రౌండ్‌లో రెండు నిమిషాలు ఆగి "ధైర్యంగా ఉండమ్మా" అని వెళ్ళిపోయారు. మిగతా నాలుగు గంటలు ఆవిడ నా వైపు చూస్తూనే ఉంది. డయాలసిస్ మానేస్తే మనిషి సాధారణంగా వారం పది రోజులుంటాడు. ఆ రోజుల్లో వచ్చే ఆయాసానికి, వికారానికి, దురదకి మందులున్నాయి. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ కిడ్నీ పోయినవాళ్ళ ఒంట్లో పేరుకుంటుంది, ఫెంటానిల్ లాంటి మందు మేలు. ఇదంతా తెలిసి చేయగలిగిన పని. ఇలాంటి మందులని అదుపు చేసే మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి లైసెన్సుల గొడవ తగ్గించారు కూడా. ఆ కబురు నేను పనిచేసిన చోట మందుల అలమారా దాకా రాలేదు. ఆవిడకి నిజం చెప్పలేదు, ఇంటి దగ్గర హాయిగా పోయే ఏర్పాటూ చేయలేదు. అలా వస్తూ వస్తూనే ఒకరోజు ఆటోలో పోయింది. నిజం చెప్పడం డాక్టరు పని. పక్కన నర్సు ఉండాలి, ఇంటివాళ్ళు ఉండాలి. అది ఒక్క నర్సు మీదికి జారిపోయిన ప్రతిచోటా ఆ నర్సు కొన్నేళ్ళకి రాయైపోతుంది.

మా ఊళ్ళో చావింట పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్ళు అన్నం తెస్తారు. ఆడవాళ్ళు శోకాలు పెట్టి ఏడుస్తారు, పోయినవాడు ఎవరికి ఏం పెట్టాడో, ఏ చెట్టు నాటాడో అన్నీ ఆ ఏడుపులోనే చెప్పేస్తారు. శవాన్ని సాగనంపి వచ్చినవాళ్ళు నీళ్ళు పోసుకోకుండా గడప దాటరు. మూడో రోజు, పదో రోజు అని లెక్కలున్నాయి. ఇందులో మూఢనమ్మకాలు ఎన్నైనా ఏరవచ్చు, నేనే ఏరతాను. కానీ చావుకి దగ్గరగా వెళ్ళొచ్చిన మనిషిని వెంటనే పనిలోకి తోయకూడదని మన పెద్దలకి తెలుసు. ఒకసారి సెలవు పెట్టుకుని కవిటి వైపు ఒక పేషెంటు పెద్దకర్మకి వెళ్ళాను. సెలవు చీటీలో "బంధువుల ఇంట్లో కార్యం" అని అబద్ధం రాశాను. ఆ ఇంటివాళ్ళు నన్ను ఆడపడుచులతో పాటు చాప మీద కూర్చోబెట్టి, కొసరి కొసరి వడ్డించారు. ఆయన భార్య నా చేతులు పట్టుకుని, ఆయనకి గుచ్చిన చేతులివే అని చుట్టాలందరికీ చూపించింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సోంపేట దాకా ఏడ్చాను. మర్నాడు డ్యూటీకి చాలా తేలిగ్గా వెళ్ళాను.

అందుకని నేను అడిగేవి గొప్ప గొప్పవేం కావు. మిషన్‌కి అరగంట ఇస్తున్నారు, మనిషి పోయిన రోజు ఆ అరగంటలో పది నిమిషాలు నర్సులకీ ఇవ్వండి. దాన్ని ఇన్‌ఛార్జి మంచితనానికి వదిలేయకుండా డ్యూటీ రోస్టర్‌లో రాయండి. బదిలీ అయిపోయే మంచితనం మీద ఏదీ నిలబడదని నేను చూశాను. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు, రోగి పోగానే అందరూ మంచం చుట్టూ ఒక్క నిమిషం మౌనంగా నిలబడే అలవాటు మొదలుపెట్టాడు. మనకి మౌనం అంత నప్పదు, మాట్లాడితేనే బరువు దిగుతుంది. మనకి టీ, బెంచీ చాలు. పదోరోజుకి వెళ్ళొస్తానంటే అబద్ధం రాయనక్కర్లేని సెలవు ఇవ్వండి. మూడేళ్ళకోసారి వేరే వార్డుకి మారతావా అని అడగండి, అడగకుండా మార్చకండి. అలా మార్చడం కూడా ఒక శిక్షే.

"మరీ ఇంత సున్నితమైతే ఈ పనికి రావడం దేనికి, అలవాటు పడాలి" అని నాతో చదువుకున్నావిడే అంది. అలవాటు పడ్డాను కదా. బెండకాయలు బేరం చేశాను కదా. అలవాటు ఆసుపత్రి గేటు దగ్గర ఆగదు, మనతో పాటే ఇంటికొచ్చి పిల్లల మంచం పక్కన కూర్చుంటుంది. ఇంకొకరు అన్నారు, క్యూలో జనం ఉండగా పది నిమిషాలు ఎలా ఇస్తామని. ఇది గట్టి ప్రశ్నే, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అనుభవమున్న నర్సు మానేస్తే కొత్త పిల్లకి ఫిస్టులా గుచ్చడం చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో ఎన్ని చేతులు వాస్తాయో లెక్క కట్టమనండి.

కేరళలో 1993లో కోళికోడ్‌లో కొంతమంది కలిసి నొప్పి తగ్గించే సేవ మొదలుపెట్టారు. అది మెల్లగా ఊళ్ళలోకి పాకింది. టీచర్లు, ఆటోవాళ్ళు, కాలేజీ పిల్లలు నేర్చుకుని మంచాన పడినవాళ్ళ ఇళ్ళకి వెళ్తారు. 2008లో ఆ రాష్ట్రం దీనికి ఒక విధానమే పెట్టుకుంది. అక్కడ నర్సు చావుని ఒక్కతే మోయదు, ఊరు కూడా ఒక చెయ్యి వేస్తుంది. మన దగ్గర ఆశా కార్యకర్తలున్నారు, డ్వాక్రా సంఘాలున్నాయి, తిత్లీలో పడిన చెట్ల మీంచి పేషెంట్లని దాటించిన కుర్రాళ్ళున్నారు. మనుషులు లేరని మాత్రం నేను ఒప్పుకోను.

మొన్న రాత్రి తొమ్మిదింటికి నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఫోన్ చేసింది. ఒక యూనిట్‌లో కాంట్రాక్ట్ మీద చేస్తోంది. "మేడమ్, మా మూడో బెడ్ పోయాడు" అంది. బెడ్ పేరు కాదు, మనిషి పేరు చెప్పమన్నాను. చెప్పింది. ఏం చేసేవాడన్నాను. పడవ మీద పని చేసేవాడట, చెప్పులు ఎప్పుడూ మంచం కింద జోడుగా పెట్టుకునేవాడట. పనసతొనలు చొక్కా జేబులో దాచుకుని తినేవాడట.

"ఎన్ని?"

"ఒకసారి నాలుగు పట్టుకున్నాను మేడమ్. అయిదోది అప్పటికే నోట్లో ఉంది."

ఇద్దరం నవ్వాం. తర్వాత అది కాసేపు ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. వెనక మిషన్ బీప్ వినబడింది. "కడగడం అయిపోయింది మేడమ్, ఆఖరి షిఫ్ట్ వాళ్ళు ఎక్కాలి" అని పెట్టేసింది.